పళ్ళెంలో కోనాం

పొద్దున్న తొమ్మిదికి ఫ్రెంచ్,
మధ్యాహ్నం రెండుకి కళాచరిత్ర.
మధ్యలో అవుట్‌గేట్ దగ్గర ఒక టీ,
ఇంకా ఆరని జుట్టు.
మైలపిల్లోళ్ళ పిల్లకి ఈ రెండు చదువులూ ఏటని
పేటలో అడిగిన ప్రతివాళ్ళకీ
అమ్మది ఒకటే జవాబు:
"ఒకటి నోటికి, ఒకటి కంటికి."

ఫ్రెంచ్‌లో ఏ వస్తువైనా ఆడో మగో తేలాలి.
కుర్చీ ఆడది, పుస్తకం మగవాడు.
సముద్రం ఆడదని తెలిసిన రోజు
ఆటో దిగి పరుగున వెళ్ళి నాన్నమ్మకి చెప్పాను.
వల చిక్కు తీస్తున్నది తలైనా ఎత్తలేదు.
"గంగమ్మని మగోడని ఎవులన్నారే?"

రెండో ఏడు జర్మన్ కూడా పెట్టుకున్నాను.
అందులో సముద్రానికి రెండు మాటలు,
ఒకటి ఆడది, ఇంకొకటి ఏదీ కాదు.
ఆ రెండో మాట సంగతి మాత్రం
నాన్నమ్మకి చెప్పలేదు.

చేపకీ విషానికీ మధ్య ఫ్రెంచ్‌లో ఒక్క అక్షరం.
ప్వాసోఁ అనాలి. నాలుక కాస్త బద్ధకిస్తే ప్వాజోఁ.
గంప నెత్తినెట్టుకుని ఆ ఊళ్ళో తిరిగితే
అమ్మ ఒక్క చేప కూడా అమ్మలేదు.

తొట్లకొండ తీసుకెళ్ళారు ఒక శనివారం.
రాతిలో తొలిచిన తొట్లలో వాననీళ్ళు,
కింద మనం రోజూ చూసే సముద్రమే,
పై నుంచి ఎవరిదోలా ఉంది.
వానాకాలమంతా ఇక్కడే ఆగిపోయిన భిక్షువులు
ఆకలేస్తోందని ఏ భాషలో అనుకున్నారు?
నోట్సులో ఆ ప్రశ్న రాసుకుని
కింద రెండు గీతలు గీశాను. అంతే.

శశిప్రభ మేడం కర్టెన్లు వేయించింది.
గోడ మీద నాలుగు వందల ఏళ్ళ కిందటి హాలెండ్.
వెండి పళ్ళెం, సగం తొక్క తీసిన నిమ్మకాయ,
అడ్డంగా ఒక చేప.
ఇలాంటి బొమ్మని ఏమంటారు?
ఫ్రెంచ్‌వాళ్ళు చచ్చిన ప్రకృతి అంటారన్నాను.
జర్మన్లు?
కదలని బతుకు.
మరి తెలుగులో?
ఫ్యాను తిరుగుతోంది.
వెనక బెంచీ నుంచి భార్గవ్ "నిశ్చల చిత్రం" అన్నాడు,
ఆఫీసు స్టాంపు వేసినట్టు.
ఆ మాటకి నీచు వాసన లేదు.

వెలుగు ఎటునుంచి వస్తోందో చూడమంది మేడం.
ఎడమ నుంచి.
అమ్మ గంప దగ్గరా ఎడమనుంచే,
కిరాణా కొట్టు బల్బుది.
కోనాం కన్ను బేరానికొచ్చినామె వైపు తిప్పి,
మొప్ప ఎత్తి ఎరుపు చూపించి,
మెరుపు తగ్గకముందే చెంబుతో నీళ్ళు జల్లి
"బతికే ఉందమ్మా, సూడు" అంటుంది.
చచ్చిందని ఏ రోజూ అనలేదు.
అబద్ధమనీ నేనెప్పుడూ అనుకోలేదు.

బొమ్మ జెరాక్సు తీయించి ఇంటికి తెచ్చాను,
రంగుది, ముప్ఫై రూపాయలు.
చేతులు కొంగుకి తుడుచుకుని అమ్మ పట్టుకుంది.
చాలాసేపు చూసింది,
మేడం కంటే ఎక్కువసేపు.
"నిన్నటి సేప ఇది.
కన్ను లోనికి ఎలిపోనాది సూడు.
మొప్ప మూసీసి ఎట్టాడు, కావాలనే.
నిమ్మకాయ ఎందుకనుకున్నావు?
కంపు దాసడానికి."

సెమినార్ పేపర్లో అదే రాశాను, ఫ్రెంచ్‌లో.
గడిచిపోయినదానికి అక్కడ రెండు కాలాలు,
అయిపోయినదానికి ఒకటి,
అవుతూనే ఉన్నదానికి ఒకటి.
రెండోది వాడాను.
నాలుగు వందల ఏళ్ళుగా
ఆ చేప నిన్నటిదవుతూనే ఉంది.

పేపరు తిరిగొచ్చింది.
ఆ వాక్యం పక్కన ఎర్ర సిరాతో
"ఆధారం?"

కింద రాసిచ్చాను:
మైలపిల్లి పోలమ్మ, పెదజాలారిపేట.
మౌఖికం. గంప దించాక,
సాయంత్రం ఏడుంపావు.

మార్కు ఇంకా వెయ్యలేదు.